స్వర్ణ మానేసి కొత్త రకం వేయాలా? రైతుల ప్రశ్నలకు జవాబులు

సార్వా (ఖరీఫ్) వరి ఆకుమళ్లు పోసే ముందు మాకు ఉత్తరాలు ఎక్కువ వస్తాయి. ఒకే సంగతి అడిగినవాళ్లకు కలిపి ఒకచోటే రాశాను. పేర్లు వేయవద్దని కొందరు కోరారు కాబట్టి అందరివీ ఊళ్ల పేర్లతో సరిపెట్టాం.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పెనుమంట్ర మండలం. ఐదెకరాల చేను. మా నాన్నగారు నా చిన్నప్పటి నుంచి సార్వాలో స్వర్ణ వరి తప్ప ఇంకోటి వేయలేదు. నేను కొత్త వరి రకం 1318 వేద్దామంటే, "మార్టేరు వాళ్లు ఏటా ఒక నంబరు తెస్తారు, పోతే పోయేది మనకి" అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఎవరి మాట వినాలి?
– ఒక యువరైతు, పెనుమంట్ర మండలం

జవాబు: బాబూ, ముందు మీ నాన్నగారి పక్షాన ఒక మాట చెబుతాను. ఆయన స్వర్ణను పట్టుకుని ఉండటం మొండితనం కాదు. నత్రజని తక్కువ పడ్డా, ఊడ్పు ఆలస్యమైనా, చేలో కాస్త నీళ్లు నిలిచినా నిలబెట్టి పండించే రకం అది. అన్నేళ్లు చూసి నమ్మిన రకాన్ని ఎవరో చెప్పారని వదలకపోవడం మంచి రైతు లక్షణమే.

అయితే ఆయనకి ఒక సంగతి గుర్తు చేయండి. ఆయన నమ్మిన స్వర్ణ కూడా ఒకప్పుడు మార్టేరు వరి పరిశోధన స్థానం తెచ్చిన నంబరే. ఎంటీయూ 7029. వశిష్ఠ అనే రకాన్ని, మలేసియా నుంచి వచ్చిన మసూరిని కలిపి అక్కడే తీశారు. 1982లో విడుదల చేశారు. మీ ఊరికి కూతవేటు దూరంలో పుట్టిన ఆ వడ్లు ఒడిశాకు, బెంగాల్‌కు, అక్కడి నుంచి బంగ్లాదేశ్‌కు వెళ్లి లక్షల ఎకరాల్లో పండాయి. అది కొత్త నంబరుగా వచ్చిన రోజున కూడా "ఇదెక్కడి రకం" అన్నవాళ్లు ఉండే ఉంటారు.

ఇక ఆ నంబరు ఎలా పుడుతుందో చెబితే మీ ఇంట్లో గొడవ కొంత తగ్గుతుందేమో. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మార్టేరు మళ్లలో ఎన్నిసార్లు చూసినా తనివి తీరని పని ఇది. కంకి పొట్టలోంచి సగం పైన బయటికి వచ్చాక, మర్నాడు విచ్చుకోబోయే గింజలను ఎంచుకుంటారు. చిన్న కత్తెరతో ఒక్కో గింజ కొనను మూడో వంతు కత్తిరిస్తారు. లోపల ఆరు పుప్పొడి తిత్తులు కనిపిస్తాయి. సన్న పట్టకారుతో ఆ ఆరింటినీ తీసేయాలి. ఒక్కటి మిగిలినా ఆ గింజ తన పుప్పొడితోనే గింజ కట్టేస్తుంది, సంకరం కాదు. పువ్వులోని ఆడ భాగం, కీలకం, తెగినా పని పాడే. అంతా అయ్యాక కంకికి కాగితపు సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దెక్కి వరిపూలు విచ్చుకునే వేళకి తండ్రి రకం కంకులు తెచ్చి, సంచి పైమూతి విప్పి, లోపల మెల్లగా దులుపుతారు. నాలుగు రోజులు పోయాక సంచి విప్పి చూస్తే పది గింజలు పాలు పోసుకున్నా సంతోషమే. నేను చూసినవాళ్లలో ఈ పనిలో అందరికన్నా చెయ్యి తిరిగినవాళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. పెద్ద చదువులు చదివిన మేము ఒక కంకి పూర్తి చేసేలోపు వాళ్లు రెండు చేసేవారు.

ఆ పది గింజలతో మొదలు. రెండో తరంలో ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. పొట్టివి, పొడుగువి, చచ్చువి, గట్టివి అన్నీ ఉంటాయి. అక్కడి నుంచి ఆరేడు తరాలు ఏరుకుంటూ పోవాలి. దోమ పడేలా, తెగుళ్లు వచ్చేలా కావాలని చేసి, తట్టుకున్నవాటినే ఉంచుతారు. నిలకడ వచ్చాక స్టేషన్‌లో పోటీకి పెడతారు, వేరే స్టేషన్లకు పంపుతారు, చివరికి మినీకిట్లుగా, అంటే చిన్న విత్తన సంచులుగా ఇచ్చి రైతుల చేలల్లో వేయిస్తారు. కత్తెర పట్టిన రోజు నుంచి మీ చేతికి విత్తనం వచ్చేసరికి పది పన్నెండేళ్లు. మీరు ఏటా ఒక నంబరు వింటున్నారంటే, ఎప్పుడో మొదలుపెట్టిన పనులు ఒకదాని వెంట ఒకటి పూర్తవుతున్నాయని అర్థం.

ఇంకో సంగతి. నంబర్లన్నీ ఒకే అవసరానికి కాదు. 1010 అనే కాటన్‌దొర సన్నాలు 120 రోజుల పంట. 1121 దాళ్వాకి (రబీకి). 1061, 1064 సార్వా చేలకి తీసిన దీర్ఘకాలిక రకాలు. మీ చేను మెరకా పల్లమా, మురుగు ఎన్నాళ్లకి దిగుతుంది, కాలువ నీళ్లు ఎప్పుడు అందుతాయి అనేది చూడకుండా నంబరు అడగడం వల్లనే చాలామంది దెబ్బతింటున్నారు.

అందుకని ఈ ఏడు అరెకరంలో మాత్రం కొత్త రకం వేయండి, మిగతాది స్వర్ణే ఉంచండి. కొత్తది వేసిన మడికి ఆనుకుని ఉన్న స్వర్ణ మడితోనే పోల్చండి, దూరంగా ఉన్నదానితో కాదు. రెంటికీ ఒకే రోజు ఆకు పోయండి, ఒకే వయసు నారు ఊడ్చండి, ఎరువు ఒకే లెక్క వేయండి. ఎన్నాళ్లకి పూత వచ్చింది, గాలివానకి పడిందా, ఎండాకు తెగులు ఎంత వచ్చింది అనేవి నోటు పుస్తకంలో రాసుకోండి. స్వర్ణకు ఎండాకు తెగులు పెద్ద బలహీనత కాబట్టి అది తప్పకుండా చూడాలి. మాసూళ్ల వేళకి రెండు మళ్లలోనూ గట్టుకి దూరంగా, మధ్యలో, ఐదు మీటర్ల పొడవు ఐదు మీటర్ల వెడల్పు కొలిచి తాడు కట్టి, అంతవరకే కోసి, నూర్చి, ఆరబెట్టి తూచండి. వచ్చిన కిలోలను 160తో గుణిస్తే సుమారుగా ఎకరా దిగుబడి. దాన్ని 75తో భాగిస్తే బస్తాలు. ఆ లెక్క మీ నాన్నగారి చేతే వేయించండి. ఆయన కళ్లతో ఆయన చూసుకుంటారు.

విత్తనం కొనకముందే మీ ఊరి మిల్లు వాళ్లను కూడా అడగండి. ఎంత పండినా కొనేవాడు ముఖం చిట్లిస్తే రైతుకి నష్టమే. ఈ సంగతిని స్టేషన్లు కూడా ఇంకా గట్టిగా పట్టించుకోవాలని నేను ఎప్పటి నుంచో అంటున్నాను.

చేను బాగా పల్లమై, ముంపు తప్పదనుకుంటే స్వర్ణ సబ్-1 ఉంది. ఒడిశా పాత రకం ఎఫ్ఆర్ 13ఏ నుంచి ముంపును తట్టుకునే గుణాన్ని స్వర్ణలోకి తెచ్చారు. మన దేశంలో 2009లో విడుదలైంది. పిలకల దశలో చేను పూర్తిగా మునిగినా దాదాపు రెండు వారాలు తట్టుకుని మళ్లీ లేస్తుంది. మీ నాన్నగారికి స్వర్ణ వదిలినట్టూ ఉండదు.

ప్రశ్న: అమ్మా, మాది మొగల్తూరు అవతల. రెండెకరాలు కౌలుకి చేస్తున్నాం. చేను మధ్యలో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. ఊడ్చిన పది రోజులకే నారు కొనలు మాడి చచ్చిపోతుంది. కొట్టు ఆయన చెప్పాడని జిప్సం వేశాం. డబ్బు పోయింది తప్ప ఏం కాలేదు. మట్టి పరీక్ష చేయించమంటున్నారు. పొలం మాది కాదు కదా, మేమిస్తే చేస్తారా?
– ఒక కౌలు రైతు, మొగల్తూరు మండలం

జవాబు: అమ్మా, చేస్తారు. అడగడానికి సంకోచపడకండి. పరీక్ష మట్టికి, పాసు పుస్తకానికి కాదు. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. లేదా ఉండి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. డెల్టాలో నేల దున్నేవాళ్లలో కౌలుదారులే ఎక్కువమంది కనిపిస్తారు. శాస్త్రవేత్తల మీటింగుల్లో మాత్రం ముందు కుర్చీల్లో భూమి ఉన్నవాళ్లే కూర్చుంటారు. ఇది నన్ను చాలా కాలంగా బాధపెడుతున్న విషయం. మీలాంటివాళ్లు ఉత్తరం రాస్తే నేను ముందు ఆ ఉత్తరమే తీస్తాను.

మీ జిప్సం ఎందుకు పని చేయలేదో చెబుతాను. చౌడు రెండు రకాలు. ఒకటి పాలచౌడు. నేలలో కరిగే ఉప్పు ఎక్కువై ఎండకి తెల్లగా పైకి తేలుతుంది. రెండోది కారుచౌడు. అందులో సోడియం మట్టిని పట్టుకుని కూర్చుంటుంది. నేల తడిస్తే జిగురు, ఎండితే రాయి, నీళ్లు కిందికి దిగవు. జిప్సం కారుచౌడుకి మందు. పాలచౌడుకి మందు మంచినీళ్లు, మురుగు దారి, అంతే. రిపోర్టులో లవణ సూచిక (ఈసీ) 4 దాటి, ఉదజని సూచిక (పీహెచ్) 8.5 లోపు ఉంటే పాలచౌడు అనుకోవచ్చు. ఉదజని సూచిక 8.5 దాటితే కారుచౌడు సంగతి చూడాలి, అప్పుడు జిప్సం ఎంత వేయాలో ల్యాబ్ వాళ్లే లెక్క కట్టి చెబుతారు. మీరు రాసిన దాన్ని బట్టి, సముద్రం దగ్గర కాబట్టి, మీది పాలచౌడే అనిపిస్తోంది. అయినా పరీక్ష లేకుండా నా మాట మీద కూడా డబ్బు పెట్టకండి.

మట్టి తీయడంలోనే చాలామంది తప్పుతారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. దాళ్వా కోసి, ఇంకా ఏ ఎరువూ వేయనప్పుడు తీయాలి. తెల్లగా పేరుకున్న చోటు మట్టి వేరు, పంట బాగా వచ్చే చోటు మట్టి వేరు. రెండూ కలిపితే రిపోర్టు ఎందుకూ పనికిరాదు. ఒక్కోదానికి ఎనిమిది పది చోట్ల పారతో ‘వి’ ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, ఆ గుంట గోడ నుంచి పైనుంచి కింది దాకా బొటనవేలి మందాన మట్టి చెక్కండి. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంట పోసిన చోట తీయకండి. అన్నీ గుడ్డ మీద పోసి, గడ్డలు చిదిపి, కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పారేయండి. మిగిలినదాన్ని మళ్లీ అలాగే, అరకిలో మిగిలేదాకా చేయండి. నీడలోనే ఆరబెట్టండి. గుడ్డసంచిలో పోయండి. ఎరువుల బస్తా ముక్కలో మాత్రం వద్దు. సంచిలో ఒక చీటీ పెట్టి, చేను గుర్తు, వేసే పంట, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, చుట్టుపక్కల చెరువులు ఉన్నాయా అన్నీ రాయండి.

చెరువుల సంగతి ప్రత్యేకంగా అడుగుతున్నాను. పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువు ఉంటే దాని ఊట మీ చేలోకి వస్తుంది. అప్పుడు మీరు ఎన్నిసార్లు కడిగినా ఉప్పు మళ్లీ వస్తూనే ఉంటుంది. మధ్యలో లోతైన ఊట కాలువ తవ్వి మురుగు కాలువలో కలపాలి. కౌలుకి చేసేవాళ్లు ఇది ఒంటరిగా చేయలేరు. భూమి ఆసామిని కూడా కూర్చోబెట్టి, రిపోర్టు చూపించి మాట్లాడండి. భూమి చౌడెక్కితే ముందు నష్టపోయేది ఆయనే.

ఈ సార్వాకి మాత్రం ఇలా చేయండి. కాలువ నీళ్లు రాగానే చేనుకి నిండా పెట్టి, ఒకట్రెండు రోజులు నిల్వ ఉంచి, మురుగులోకి వదిలేయండి. నీళ్లు దొరికినన్నిసార్లు అలా చేయండి. ముందు జీలుగ చల్లి, పూతకు వచ్చేసరికి కలియదున్నండి. చౌడును తట్టుకుని పెరిగే పచ్చిరొట్ట అది. లేత నారు వేయకండి, కాస్త ముదురు నారు వేయండి. కుదురుకి నాలుగైదు మొక్కలు పెట్టండి. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు చల్లండి, భాస్వరం ఎరువుతో మాత్రం కలపకండి. ఊడ్చాక చేను ఎండనీయకండి, ఎండితే ఉప్పు పైకి వస్తుంది.

ప్రశ్న: సుడిదోమకు కొట్టు వాళ్లు మూడు మందులు కలిపి ఇచ్చారు. కొట్టిన వారానికి దోమ ఇంకా పెరిగింది. మందు నకిలీదా?
– అత్తిలి

జవాబు: నకిలీ కావచ్చు, కాకపోవచ్చు. ఆ మూడింటిలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందు ఒకటి ఉంటే మాత్రం దోమ పెరగడంలో వింత లేదు. అది దోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను ముందు చంపేస్తుంది. దోమ ఉండేది దుబ్బు మొదలు దగ్గర. పైన ఆకుల మీద కొడితే దానికి తగలదు. ముందు చేలో నీళ్లు తీసేయండి. దుబ్బును పక్కకు వంచి చూసి, దుబ్బుకి 10–15 దాకా ఉంటేనే మందు కొట్టండి. పైమెట్రోజిన్ అయితే లీటరుకు 0.6 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీళ్లు, నాజిల్ మొదళ్లకి పెట్టి కొట్టండి. ఒకదానిలో ఇంకోటి కలపవద్దు. వచ్చే ఊడ్పుల్లో ప్రతి రెండు మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. గాలి, ఎండ మొదళ్లకి తగిలితే దోమ అంతగా నిలవదు. యూరియా తగ్గించండి.

ప్రశ్న: నేను తణుకులో డిగ్రీ చదువుతున్నాను. యూనివర్సిటీ అంటే పాఠాలు, పరీక్షలు కదా. వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు మా ఊరి చేలల్లో ఎందుకు తిరుగుతారు?

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. పాఠం, పరిశోధన, రైతు దగ్గరకు వెళ్లడం, ఈ మూడూ ఒకే చోట ఉండాలన్న పద్ధతి అమెరికాలో రూపుదిద్దుకుంది. అక్కడ 1862 చట్టంతో రాష్ట్రాలకు భూములిచ్చి వ్యవసాయ కళాశాలలు పెట్టించారు. 1887లో వాటికి ప్రయోగ క్షేత్రాలు వచ్చాయి. 1914లో రైతుల దగ్గరకు వెళ్లి చెప్పే విభాగం చట్టబద్ధమైంది. పశువులు మేపుకునేవాళ్లకూ, పంట వేసేవాళ్లకూ అక్కడ ఒకే యూనివర్సిటీ మనుషులు వెళతారు. మన దేశంలో ఆ నమూనాలో మొదటిది 1960లో పంత్‌నగర్‌లో వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ యూనివర్సిటీని 1964లో పెట్టారు. దానికి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు తోడ్పడ్డారు. 1996లో ఆచార్య ఎన్.జి. రంగా గారి పేరు పెట్టారు.

మార్టేరు అంతకన్నా చాలా పాతది, 1925 నాటిది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయి, డెల్టాలో నీళ్లు పారాక, ఆ నీళ్లతో ఏ వరి ఎలా పండించాలన్న ప్రశ్న ఈ నేలకే పుట్టింది. తర్వాత ఆ స్టేషన్ యూనివర్సిటీలో చేరింది.

2005లో పశువైద్యం వేరే యూనివర్సిటీ అయింది. 2007లో ఉద్యానం విడిపోయి వెంకటరామన్నగూడెంలో స్థిరపడింది. నిపుణులు పెరిగారు, నిజమే. కానీ కోనసీమలో ఒక రైతుకి ఎకరం వరి, గట్ల మీద కొబ్బరి, ఇంటి దగ్గర రెండు గేదెలు ఉంటాయి. ఆయన ఒక్కడు మూడు చోట్లకి వెళ్లాలి. నా మటుకు ఇది సరిగా లేదు. కనీసం మండలంలో ఒక రోజు ముగ్గురూ కలిసి కూర్చుంటే బావుంటుంది.

మీ ఊళ్లో వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాది పిల్లలు కొన్ని నెలలు ఉండి, రైతులతో తిరుగుతుంటే చూసే ఉంటారు. అది వాళ్ల చదువులో భాగం. వాళ్లొస్తే బాగా పండిన మడితో పాటు చౌడెక్కిన మడిని, మురుగు దిగని మడిని కూడా చూపించమని మీ ఊరి వాళ్లకి చెప్పండి.

ప్రశ్న: మేడమ్ గారూ, దాళ్వా గడ్డి బోలెడు ఉంది. గేదెలు తినడం లేదు, తిన్నా పాలు పెరగడం లేదు. గడ్డికి యూరియా కలపమంటున్నారు. భయంగా ఉంది.
– అయినవిల్లి

జవాబు: భయం ఉండాల్సిందే అండీ. యూరియా తప్పుగా పెడితే పశువు చచ్చిపోతుంది. నీళ్లలో కలిపి తాగించడం, గడ్డి మీద చల్లి వెంటనే వేయడం ఎప్పుడూ చేయకూడదు. పద్ధతిగా మాగబెట్టిన గడ్డికి మాత్రం భయం లేదు. ఎండుగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు, మాగబెడితే ఏడు ఎనిమిదికి చేరతాయి.

100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా. దాన్ని 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరగనివ్వండి. ఒక్క పలుకు కూడా మిగలకూడదు. గడ్డిని పొరలు పొరలుగా పరిచి, పూలకుండీలకి నీళ్లు పోసే రోజా డబ్బాతో ప్రతి పొర మీద సమానంగా చల్లి, తొక్కండి. పైన టార్పాలిన్ కప్పి అంచులకి మట్టి ఎత్తి గాలి దూరకుండా చేయండి. 21 రోజులు కదపకండి. విప్పినప్పుడు కళ్లు మండేంత ఘాటు వస్తుంది, అది సరిగా మాగిందన్న గుర్తు. ఆ రోజుకి కావలసినంతే తీసి, గంటసేపు గాలికి పరిచి, వాసన తగ్గాకే వేయండి. మొదటి వారం మామూలు గడ్డిలో కొంచెం కలుపుతూ అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకి పెట్టవద్దు. రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, కొంత పచ్చిమేత తప్పకుండా ఉండాలి. గొంతువాపు టీకా వానలు పడకముందే వేయించండి.

ప్రశ్న: కొబ్బరి ఆకుల కింద తెల్లగా చుట్లు చుట్లుగా పట్టి, కింది ఆకులు నల్లబడ్డాయి. వేరుకి మందు పెట్టించమంటారా?
– అంబాజీపేట మండలం

జవాబు: వద్దు. అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016 నుంచి ఉంది. ఆకులు నల్లబడేది అది వదిలే తేనె బంక మీద పెరిగే మసి వల్ల. దోమను లోపలి నుంచి తినేసే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ తోటల్లో సహజంగానే ఉంటుంది. పురుగు మందు కొడితే ముందు చచ్చేది అదే. మీరు ఉన్నది అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం పక్కనే. అక్కడ ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే బూజు మందు అడగండి. లీటరుకు 5 గ్రాములు కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగు భాగం తడిసేలా కొట్టండి. చెట్లు పొడుగైతే ముందు పంపుతో గట్టిగా నీళ్లు కొట్టి దోమను రాల్చండి. వెళ్లేటప్పుడు దోమ పట్టిన ఒక ఆకు ముక్క కోసి సంచిలో వేసుకెళ్లండి. అందులో కందిరీగ ఉందో లేదో వాళ్లు భూతద్దంలో చూసి చెబుతారు. ఉంటే బూజు మందు కూడా అక్కర్లేకపోవచ్చు.